కోడి వ్యర్థాల ప్రోటీన్ పొడి లేయర్లకు వేయవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. నాలుగు వేల లేయర్ కోళ్లున్నాయి. కోడి పేగులు, కాలేయంతో చేసిన ప్రోటీన్ హైడ్రోలైసేట్ పొడిలో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని, వేస్తే ఎండలకు గుడ్లు తగ్గవని ఒక వ్యాపారి చెబుతున్నారు. నిజమేనా? చికెన్ దుకాణాల వ్యర్థాలు తెచ్చి నేనే ఉడికించి వేయవచ్చా?

జవాబు: రెండోదానికి ముందు చెబుతాను: వద్దు. ఉడికిస్తే మాంసం మెత్తబడుతుంది, అంతే. హైడ్రోలైసేట్‌లో ప్రోటీన్ గొలుసును ఎంజైముతో గానీ ఆమ్లంతో గానీ పెప్టైడ్లనే చిన్న తునకలుగా తెంపుతారు. అది ఇంటి పొయ్యి మీద అయ్యే పని కాదు. పైగా పచ్చి వ్యర్థాలతో పాటు సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియాను కూడా మీరే బకెట్లో షెడ్డుకు మోసుకొస్తారు.

యాంటీ ఆక్సిడెంట్ల గురించి వ్యాపారి చెప్పింది అబద్ధం కాదు. హిస్టిడిన్, టైరోసిన్ ఉన్న పెప్టైడ్లు కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను అణచగలవు, కొవ్వును చెడగొట్టే ఇనుమును పట్టి ఉంచగలవు. ప్రయోగశాలలో ఈ గుణాన్ని పరీక్షించే ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణంలో కలిపితే రంగు విరిగి పసుపుపచ్చగా మారుతుంది. కోడి కడుపు గాజుగొట్టం కాదు కదా! అక్కడ ఆ తునకల్లో చాలావరకు మళ్లీ తెగి మామూలు అమైనో ఆమ్లాలైపోతాయి. అందుకే దీన్ని సులువుగా అరిగే ప్రోటీన్‌గానే లెక్కగట్టి, సోయా చెక్క ధరతో పోల్చి చూడండి.

కొనేముందు ఎంజైముతో చేశారా, ఆమ్లంతోనా అని అడగండి. ఆమ్లాన్ని సోడాతో విరిచినప్పుడు ఉప్పు మిగులుతుంది. దాణాలో ఉప్పు ఎక్కువైతే రెట్ట పలచబడుతుంది. చిటికెడు పొడిని అరచేతిలో గోరువెచ్చని నీటితో నలిపి వాసన చూడండి. బజ్జీల బండి పాత నూనె వాసన వస్తే పేగుల కొవ్వు చెడిపోయినట్టే. అటువంటి పొడి కోడి ఒంట్లో ఉన్న విటమిన్ ఇ నే ఖర్చు చేయిస్తుంది.

మీ అసలు బాధ వేసవి. మన తీరంలో ఎండకన్నా ఉక్క ప్రమాదం. గాలిలో తేమ నిండిన మధ్యాహ్నం నీటి తుంపరలు చల్లే ఫాగర్లు వేస్తే కోళ్లు నోళ్లు తెరిచి ఇంకా రొప్పుతాయి. వాటిని ఆపి ఫ్యాన్లు నడపండి. దాణా తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి. టన్ను దాణాకు 200–250 గ్రాముల విటమిన్ సి కలపండి. దాణాలో కలిపే విటమిన్ల మిశ్రమం (ప్రీమిక్స్)లో విటమిన్ ఇ ఎంత ఉందో చూసి, పశువైద్యుని అడిగి పెంచండి. నీళ్ల ట్యాంకుకు తడి గోనెలు చుట్టండి.

అప్పటికీ పొడి వాడాలనిపిస్తే ఒక వరుస పంజరాల్లోని కోళ్లకే నెల రోజులు వేసి, పక్క వరుసతో గుడ్ల లెక్క పోల్చుకోండి.