హెచ్. పైలోరీ పాజిటివ్ వచ్చింది. దాని విషాల వల్ల క్యాన్సర్ వస్తుందట, నిజమేనా?

ఎండోస్కోపీలో మీ కడుపులో హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేలిందనీ, అది వదిలే విషాలు క్యాన్సర్‌కి దారితీస్తాయని చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదనీ రాశారు. నేను డాక్టర్ని కాను. మా నాన్నగారికి కడుపులో క్యాన్సర్ వచ్చినప్పుడు, పిల్లలందరూ కూడా పరీక్ష చేయించుకోండని ఆయన్ను చూసిన డాక్టరుగారు చెప్పారు. నాకు పాజిటివ్ వచ్చింది. ఆ టెన్షన్‌లో దొరికిందల్లా చదివాను, డాక్టరుగారు విసుక్కునేదాకా ప్రశ్నలు అడిగాను. అందులో మీకు పనికొస్తుందనుకున్నది చెప్తాను.

మీరు చదివింది అబద్ధమేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ క్రిమిని మొదటి గ్రూపులో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవన్నీ ఆ గ్రూపులోకే వస్తాయి, పొగాకుతో సహా. అది చదివి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ గ్రూపు చూసేది రుజువు ఎంత గట్టిగా ఉందన్నదే, ముప్పు ఎంత పెద్దదన్న లెక్క అందులో ఉండదు. ప్రపంచంలో దాదాపు సగం మందిలో ఈ క్రిమి ఉంటుందని చాలాకాలంగా అంచనా. వాళ్లలో కడుపు క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురు.

మరి ఆ కొందరిలో ఏం జరుగుతుంది? ఇక్కడే మీరడిగిన విషాల సంగతి వస్తుంది. హెచ్. పైలోరీలో కొన్ని రకాలకి, అన్నిటికీ కాదు, కాగ్‌ఏ అనే ప్రోటీన్ ఉంటుంది. కడుపు లోపలి పొరకి అంటుకున్నాక బ్యాక్టీరియా దాన్ని సిరంజితో ఎక్కించినట్టు నేరుగా మన కణంలోకి దింపుతుంది. లోపలికి వెళ్లాక మన కణంలోని ఎంజైములే దానికి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అప్పుడది ఎస్‌హెచ్‌పీ2 అనే మరో ఎంజైమును పట్టుకుని, కణం పెరగాలని చెప్పే సంకేతాలను అవసరం లేకపోయినా నడిపిస్తూ ఉంటుంది. పక్కపక్క కణాలను కలిపి ఉంచే అతుకులు కూడా వదులవుతాయి. 2008లో జపాన్ పరిశోధకులు బ్యాక్టీరియాతో పని లేకుండా కాగ్‌ఏ జన్యువును మాత్రమే ఎలుకల్లో పెట్టి చూస్తే, వాటిలో కొన్నిటికి కడుపులోనూ చిన్న పేగులోనూ క్యాన్సర్లు వచ్చాయి, కొన్నిటికి రక్త క్యాన్సర్ కూడా వచ్చింది. హెచ్. పైలోరీకే వాక్‌ఏ అని ఇంకో టాక్సిన్ ఉంది. అది కణాల పొరలకి రంధ్రాలు చేస్తుంది, క్రిమిని తరిమేయాల్సిన రోగనిరోధక కణాలను మందగింపజేస్తుంది. క్రిమి ఏళ్ల తరబడి లోపల తిష్ఠ వేయడానికి అదీ ఒక కారణం.

ఇవి డీఎన్ఏను నేరుగా ముట్టుకోవు. నేరుగా ముట్టుకునేవి వేరే ఉన్నాయి. పెద్దపేగులో ఉండే ఈ. కోలైలో కొన్ని రకాలు తయారుచేసే కోలిబాక్టిన్ వాటిలో ఒకటి. దాన్ని 2006లో ఫ్రాన్స్ పరిశోధకులు బయటపెట్టారు. డీఎన్ఏ రెండు పోగులనూ ఒకదానికొకటి అతికించేస్తుంది. కణం ఆ అతుకు విప్పుకునే ప్రయత్నంలో తప్పులు దొర్లి, మ్యుటేషన్లు (డీఎన్ఏలో చెరగని మార్పులు) మిగులుతాయి. 2020లో నెదర్లాండ్స్‌లో, మనిషి కణాలతో ల్యాబ్‌లో పెంచిన బుల్లి పేగుల్లోకి ఈ బ్యాక్టీరియాను ఐదు నెలల పాటు మళ్లీ మళ్లీ ఎక్కించి, తర్వాత డీఎన్ఏ మొత్తం చదివారు. కోలిబాక్టిన్ వదిలే మ్యుటేషన్ల వరస ప్రత్యేకంగా, దాని గుర్తులా ఉంది. అదే వరస కొందరు పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితుల్లోనూ కనిపించింది. 2025లో 11 దేశాల నుంచి 981 మంది పెద్దపేగు కణితులను పరిశీలిస్తే, 40 ఏళ్ల లోపు క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఆ గుర్తు 70 దాటినవాళ్ల కంటే 3.3 రెట్లు ఎక్కువగా ఉంది. అది చాలావరకు చిన్నతనంలోనే పడిన గుర్తని వాళ్ల విశ్లేషణ.

ఇదంతా చదివి భయపడిపోకండి. గుర్తు ఉందంటే ఆ బ్యాక్టీరియా ఒకప్పుడు అక్కడ పని చేసిందని అర్థం. క్యాన్సర్‌కి అదొక్కటే కారణమని అది చెప్పదు. కోలిబాక్టిన్ చేయగల ఈ. కోలై ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా నూటికి ఇరవై మందిలో కనిపించింది. ఇంకో తమాషా, ప్రోబయోటిక్‌గా (మేలు చేస్తుందని మింగే బ్యాక్టీరియాగా) వాడే ఈ. కోలై నిస్సిల్ 1917 అనే రకానికి కూడా కోలిబాక్టిన్ తయారుచేసే జన్యువులున్నాయి. అందుకే ప్రోబయోటిక్ ఏదైనా పర్లేదు వేసుకో అని ఎవరన్నా చెప్తే నేను తలూపి ఊరుకుంటాను.

టైఫాయిడ్ క్రిమికీ డీఎన్ఏను తెంపే టాక్సిన్ ఉంది. జ్వరం తగ్గాక కూడా పిత్తాశయంలో ఆ క్రిమి ఉండిపోయినవాళ్లకి అక్కడ క్యాన్సర్ ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెప్తున్నాయి. మీ విషయానికి అది సంబంధం లేనిది కాబట్టి వదిలేస్తున్నాను.

మళ్లీ మీ కడుపు దగ్గరికి వద్దాం. విషం పడగానే క్యాన్సర్ రాదు. ముందు ఏళ్ల తరబడి వాపు, తర్వాత ఆమ్లం తయారుచేసే గ్రంథులు పల్చబడటం, ఆ తర్వాత కడుపు పొర పేగు పొరలా మారిపోవడం (దీన్నే రిపోర్టులో ఇంటెస్టైనల్ మెటాప్లాసియా అని రాస్తారు), డిస్‌ప్లాసియా (కణాలు క్యాన్సర్ వైపు వికృతంగా మారడం), ఆఖరున క్యాన్సర్. ఈ దారంతా నడవడానికి దశాబ్దాలు పడుతుంది, చాలామంది మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. పొగతాగడం, ఉప్పు ఎక్కువ తినడం, కుటుంబంలో ఎవరికైనా ఉండటం లాంటివి ముందుకు తోస్తాయి. కాబట్టి మీ రిపోర్టులో పాజిటివ్ అన్న మాట కంటే బయాప్సీలో మెటాప్లాసియా ఉందా లేదా అన్నదే ముఖ్యం. నేనైతే ముందు అదే అడుగుతాను.

చికిత్స వల్ల లాభం ఉందా అంటే ఉంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్ల మీద కొరియాలో చేసిన ట్రయల్ 2020లో వెలువడింది. దాదాపు తొమ్మిదేళ్లు గమనిస్తే, మందులు వాడినవాళ్లలో 1.2 శాతం మందికి, ఉత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో 2.7 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. నాలాంటివాళ్ల కోసమే చేసినట్టున్న ఆ ట్రయల్ నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది.

మందుల కోర్సు మామూలుగా 14 రోజులు ఉంటుంది, సుఖంగా ఉండదు. నోరంతా ఇనుము నాకినట్టు చేదు, వికారం. మందుల్లో బిస్మత్ ఉంటే మలం నల్లగా వస్తుంది, ముందే తెలియకపోతే రక్తమేమోనని హడలిపోతారు. మధ్యలో ఆపొద్దు, సగం కోర్సు వేస్తే క్రిమి ఆ యాంటీబయాటిక్‌కి లొంగకుండా తయారయ్యే అవకాశం ఉంది. పూర్తిగా వేసుకున్నా నాకు మొదటి కోర్సుకి పోలేదు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగని రకమై ఉంటుందని వేరే మందులు మార్చి ఇచ్చారు, అప్పుడు పోయింది. మళ్లీ పరీక్ష చేయించుకోకపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు. కోర్సు అయిపోయిన కనీసం నాలుగు వారాలకి బ్రెత్ టెస్ట్ గానీ మలపరీక్ష గానీ చేయించుకోండి, గ్యాస్ తగ్గించే పాంటోప్రజోల్ లాంటి మాత్రలను దానికి రెండు వారాల ముందే డాక్టర్నడిగి ఆపండి. రక్తంలో యాంటీబాడీ టెస్ట్ మాత్రం వద్దు. క్రిమి పోయాక కూడా అది చాలాకాలం పాజిటివ్‌గానే చూపిస్తుంది.