హెచ్‌డీఎల్ 64 ఉంటే ఎల్‌డీఎల్ గురించి పట్టించుకోనక్కర్లేదా?

మీ ప్రశ్న చదవగానే 2019 నాటి మా ఇల్లు గుర్తొచ్చింది. మీకు 49 ఏళ్లు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 64. మీ నాన్నగారికి 54 ఏళ్లకే స్టెంట్ పడింది. డాక్టర్ స్టాటిన్ (ఎల్‌డీఎల్ తగ్గించే మాత్ర) రాశారు, మీ బావగారేమో "మంచి కొలెస్ట్రాల్ అంత ఉంటే మాత్ర దేనికి" అంటున్నారు. హెచ్‌డీఎల్ రేణువుల్లోనూ రకాలుంటాయని విన్నారు, ఆ టెస్టు చేయించాలా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. కానీ మీ బావగారి మాటే నమ్మి మా ఇంట్లో దెబ్బ తిన్నాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా నాన్న తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అప్పటికే పన్నెండేళ్లుగా షుగర్. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకుంటారు. 2018 చివర్లో చేయించిన లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) ఇప్పటికీ అందులో ఉంది: టోటల్ కొలెస్ట్రాల్ 228, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 130, ఎల్‌డీఎల్ 140, హెచ్‌డీఎల్ 62. ఆ 62 కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. టోటల్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించి 3.7 అని పక్కనే రాసుకుని, చుట్టూ సున్నా చుట్టారు. ఆ నెల నుంచే స్టాటిన్ మానేశారు. ఫోన్లో నాకు చెబితే "62 అంటే ఎవరికుంటుంది నాన్నా, మంచిదేగా" అన్నాను. నిజానికి మనవాళ్లలో అది అరుదే. 2014లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి ఇండియాబ్ సర్వేలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చూసినవాళ్లలో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువే ఉంది. అందుకే ఆ అంకె మాకు వరంలా కనిపించింది.

మరుసటి వేసవిలో ఒకరోజు తెల్లవారుజామున ఎడమ భుజం లాగుతోంది, గుండెల్లో మంటగా ఉంది అన్నారు. గ్యాసేమో అని అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. కాసేపు పడుకుని లేచారు, మళ్లీ పడుకున్నారు. చెమటకు బనీను తడిసి ఒంటికి అంటుకుపోయాక గానీ కారు మాట్లాడలేదు. గుంటూరు చేరేసరికి ఐదు గంటలు గడిచిపోయాయి. గుండె ముందువైపు నాళం పూర్తిగా మూసుకుపోయిందన్నారు. స్టెంట్ వేశారు. ప్రాణం నిలబడింది గానీ గుండె పంపింగ్ 40 శాతానికి పడిపోయింది.

డిశ్చార్జి రోజు నాన్న ఆ ఫైలు తీసి కార్డియాలజిస్ట్ ముందు పెట్టారు. "హెచ్‌డీఎల్ 62 ఉండి కూడా నాకెందుకొచ్చింది సార్?" ఆయన గీతలు చూశారు, కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "మాస్టారూ, ధాన్యం సీజన్లో మీ ఊరి రోడ్డు మీద లారీలు చూస్తారుగా. ఒక నిమిషాన రోడ్డు మీదున్న లారీల్లో ఎన్ని బస్తాలున్నాయో లెక్కపెడితే, కళ్లాల నుంచి మిల్లుకు ఎన్ని చేరాయో చెప్పగలరా?" నాన్న ఆలోచించి "చెప్పలేం. మిల్లు దగ్గర దించుకునేవాళ్లు లేకపోయినా లారీలు నిండుగానే ఉంటాయి" అన్నారు.

సరిగ్గా అదే అన్నారు డాక్టర్. హెచ్‌డీఎల్ పని, ధమని గోడల్లోని కణాల నుంచి కొలెస్ట్రాల్‌ని ఎత్తుకుని కాలేయానికి చేర్చడం. ల్యాబ్ చెప్పే 62 మాత్రం, రక్తం తీసిన ఆ క్షణాన ఆ రేణువుల్లో ఉన్న కొలెస్ట్రాల్ బరువు, అంతే. పని ఎంత జరిగిందో అందులో ఉండదు. నాన్న అన్న పరిస్థితి నిజంగా కొందరిలో ఉంది. కాలేయంలో హెచ్‌డీఎల్ సరుకును దించుకునే గ్రాహకం ఒకటి ఉంటుంది. దాని జన్యువులో ఒక లోపం ఉన్నవాళ్లకు హెచ్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉన్నా గుండె జబ్బు ముప్పు పెరిగిందని 2016లో తేలింది.

ఇక మీరడిగిన రేణువుల సంగతి. ఒక్కో హెచ్‌డీఎల్ రేణువు 7 నుంచి 12 నానోమీటర్లు ఉంటుంది. బరువులో దాదాపు సగం ప్రోటీనే. అందులో ఎక్కువ భాగం అపో ఏ-1, లారీకి చట్రం లాంటిది. దానితో పాటు పదుల రకాల ప్రోటీన్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పారాఆక్సనేజ్ అనే ఎంజైమ్ ఉంటే ఆ రేణువు ఎల్‌డీఎల్ ఆక్సీకరణం చెందకుండా కాస్త కాపాడుతుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే సీరం అమిలాయిడ్ ఏ అనే ప్రోటీన్ వచ్చి అపో ఏ-1ని తోసేసి కూర్చుంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగితే అవి హెచ్‌డీఎల్‌లోకి ఎక్కి, కొలెస్ట్రాల్ బయటికి పోతుంది. అలాంటి రేణువు చిక్కిపోయి త్వరగా రక్తంలోంచి వెళ్లిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్‌కి చక్కెర అంటుకున్నట్టే (మూడు నెలల షుగర్ టెస్టు చూసేది దాన్నే) అపో ఏ-1కి కూడా అంటుకుంటుంది, పారాఆక్సనేజ్ పని మందగిస్తుంది. డాక్టర్ ఈ మాట చెప్పినప్పుడు నాన్న తల దించుకున్నారు. పన్నెండేళ్ల షుగర్ ఉన్న మనిషి 62ని చూసి ధైర్యంగా ఉండకూడదని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఒక్క ప్రోటీన్ తేడాతో కథ ఎలా తిరగబడుతుందో 2012లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. అపో సీ-3 అనే చిన్న ప్రోటీన్ లేని హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. అది ఎక్కిన హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ముప్పు పెరిగింది. ల్యాబ్ రిపోర్టులో రెండూ కలిసి ఒకే "మంచి" అంకెగా వస్తాయి.

దీనికి ఎదురు ఉదాహరణ ఇటలీలో ఉంది. గార్దా సరస్సు ఒడ్డున లిమోనే అనే ఊళ్లో కొన్ని కుటుంబాలకు హెచ్‌డీఎల్ చాలా తక్కువ, అయినా గుండె జబ్బులు పెద్దగా లేవు. 1970ల్లో అక్కడి ఒక వ్యక్తిని మిలాన్‌లో పరీక్షించి, వాళ్ల అపో ఏ-1లో ఒక అమైనో ఆమ్లం మారి ఉందని కనుక్కున్నారు. దానికి అపో ఏ-1 మిలానో అని పేరు పెట్టారు.

అంకెను పెంచితే చాలనుకుని మందుల కంపెనీలు చేసిన ప్రయత్నాలు మీ బావగారికి తప్పకుండా చెప్పండి. 1977లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్లపై జరిగిన గుండె జబ్బుల అధ్యయనం హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లకు గుండె జబ్బు తక్కువని చూపింది, "మంచి" అన్న పేరు అక్కడే బలపడింది. ఫైజర్ కంపెనీ వారి టార్సెట్రపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని 72 శాతం పెంచింది. కానీ మందు తీసుకున్నవాళ్లలో మరణాలు పెరగడంతో 15,000 మందిపై జరుగుతున్న ట్రయల్‌ని 2006 డిసెంబరులో ఆపేశారు. ఆ మందు బీపీని కూడా పెంచేది కాబట్టి తప్పంతా హెచ్‌డీఎల్‌ది కాదన్నారు. బీపీ ఇబ్బంది అంతగా లేని ఎవాసెట్రపిబ్ అనే మరో మందు వచ్చింది. హెచ్‌డీఎల్ రెట్టింపు దాటినా గుండెపోట్లు తగ్గక 2015లో అదీ ఆగిపోయింది. స్టాటిన్‌కి తోడుగా హెచ్‌డీఎల్ పెంచే నియాసిన్ ఇచ్చి 25,000 మందికి పైగా చూశారు, అక్కడా లాభం లేదు.

పని కొలిస్తే మాత్రం తేడా కనిపించింది. 2014లో డల్లాస్‌లో 2,924 మందిపై వచ్చిన అధ్యయనంలో, కణాల నుంచి కొలెస్ట్రాల్‌ని లాగే శక్తి బాగా ఎక్కువున్న పావు వంతు మందికి, బాగా తక్కువున్న పావు వంతుతో పోలిస్తే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు 67 శాతం తక్కువ. అయితే ఆ పరీక్ష ల్యాబ్‌లో బతికున్న కణాలతో చేయాలి, మామూలు ఆస్పత్రుల్లో దొరకదు. రేణువుల సైజు చెప్పే ఖరీదైన ప్యాకేజీలు కొన్ని ఉన్నాయి గానీ వాటితో మీ వైద్యం మారదు, ఆ డబ్బు ఖర్చు పెట్టొద్దని నా మాట. గుండెపోటు వచ్చిన 18,000 మందికి అపో ఏ-1నే సెలైన్‌లా ఎక్కించి చూసిన ట్రయల్ ఫలితం 2024లో వచ్చింది. మూడు నెలల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అంటే హెచ్‌డీఎల్ వైపు నుంచి మనకు ఇంకా మందు లేదు. ఎల్‌డీఎల్ వైపు ఉంది, దశాబ్దాలుగా పనిచేస్తోంది.

అందుకని మీ రిపోర్టులో టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి మిగిలింది చూడండి, దాన్నే నాన్-హెచ్‌డీఎల్ అంటారు, చెడు రేణువుల్లోని కొలెస్ట్రాల్ అంతా అదే. వీలైతే అపో-బి (ఎల్‌డీఎల్ లాంటి చెడు రేణువుల మీదుండే ప్రోటీన్) పరీక్ష చేయించండి. నాన్నగారికి చిన్న వయసులోనే వచ్చింది కాబట్టి లైపోప్రోటీన్-ఏ (ఎల్‌డీఎల్ లాంటి మరో చెడు రేణువు) పరీక్ష ఒక్కసారి తప్పక చేయించండి. అది చాలావరకు వంశపారంపర్యం, జీవితంలో ఒకసారి చాలు. నడక మానొద్దు, సిగరెట్ ఉంటే వదిలేయండి. హెచ్‌డీఎల్ అంకె పెద్దగా పెరగకపోయినా రేణువుల పని మెరుగుపడుతుంది.

స్టాటిన్ వేసుకున్నాక ఒళ్లునొప్పులు వస్తే మీ అంతట మీరు మానేయకండి. డాక్టర్‌కి చెబితే డోసు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. మా నాన్నకు రెండో నెలలో పిక్కలు లాగితే అలాగే మార్చారు. ఇప్పుడు ఆయన ఎల్‌డీఎల్ 52.