బిడ్లు తెరవకముందే చూడవలసినవి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నగరపాలక సంస్థ కొనుగోళ్ల విభాగంలో నీకు బాధ్యత అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. బిడ్లు, అంటే కాంట్రాక్టర్లు ధరలు రాసి ఇచ్చే ప్రతిపాదనలు, తెరిచే రోజున ఏయే జాగ్రత్తలు తీసుకోవాలని అడిగావు. ఆ రోజు అందరి కళ్లూ ఆ గది మీదే ఉంటాయి కనుక అక్కడ అవకతవకలకు చోటు తక్కువ. పోటీ నిలిచేదీ నీరుగారేదీ అంతకు ముందు, స్పెసిఫికేషన్లూ (కావలసిన వస్తువు సాంకేతిక వివరాలూ) అంచనాలూ రాసుకునే రోజుల్లోనే.

వీధి దీపాలు కావాలని ఇంజినీరింగ్ విభాగం నుంచి ఇండెంటు, అంటే కొనమని కోరే పత్రం, వచ్చిందనుకో. దానికి జతచేసిన సాంకేతిక వివరాలను మార్కెట్లో ఉన్న కంపెనీల బ్రోచర్ల పక్కన పెట్టి చదువు. దీపం తొడుగు పొడవు సరిగ్గా 612 మిల్లీమీటర్లు ఉండాలని రాసి ఉంటే, అది ఒక్క కంపెనీ దీపానికే సరిపోయే కొలత కావచ్చు కనుక ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా అడుగు. మనకు కావలసింది రోడ్డు మీద పడే వెలుగు, ఒక్కో వాటు విద్యుత్తుకు వచ్చే ల్యూమెన్లు (వెలుగును కొలిచే ప్రమాణం), దుమ్మునూ నీటినీ ఆపే ఐపీ 65 వంటి ప్రమాణం, వారంటీ కాలం. తొడుగు పొడవు కాదు. బ్రాండు పేరు రాయక తప్పని పరిస్థితి వస్తే ‘లేదా దానికి సమానమైనది’ అన్న మాట తప్పక చేర్చు. ప్రభుత్వ కొనుగోళ్లపై ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం 2011లో ఇచ్చిన నమూనా చట్టం కూడా అదే చెబుతోంది.

ఇక అంచనాల విషయం. నా దృష్టిలో నగరాల సొమ్ము ఎవరి కంటా పడకుండా ఎక్కువగా జారిపోయే చోటు ఇదే కనుక కాస్త ఓపికగా చదువు. ఒక కాలువ పనిలో మట్టి తవ్వకం 900 ఘనపు మీటర్లు, గట్టి రాతి తవ్వకం 100 ఘనపు మీటర్లు అని అంచనా వేశారనుకుందాం. మొదటి కాంట్రాక్టరు ఘనపు మీటరు మట్టికి 10, రాతికి 20 రూపాయల చొప్పున ధర వేస్తే మొత్తం 11,000 అవుతుంది. రెండో కాంట్రాక్టరు మట్టికి 6, రాతికి 50 చొప్పున వేస్తే మొత్తం 10,400 అవుతుంది కనుక పని అతనికే దక్కుతుంది. తీరా తవ్వితే మట్టి 600, రాయి 400 ఘనపు మీటర్లు తేలిందనుకో. మొదటివాడి ధరలతో 14,000తో పూర్తయ్యే పనికి రెండోవాడికి 23,600 చెల్లించవలసి వస్తుంది. అక్కడ రాయి ఎక్కువని అతనికి ముందే తెలిసి ఉండవచ్చు; మనకు తెలియకపోవడమే అతని లాభం. అందుకే భూమి పరీక్షలు సరిగా చేయించకుండా టెండరు పిలవవద్దు. మొత్తం ధరతో పాటు ప్రతి అంశం ధరనూ మన అంచనాతో పోల్చి, తేడా అసహజంగా ఉన్న చోట వివరణ కోరు. పరిమాణం ఒక హద్దు దాటితే ఆ అంశం ధరను మళ్లీ నిర్ణయించుకుంటామన్న షరతును ఒప్పందంలోనే పెట్టు.

బిడ్డర్లు కుమ్మక్కయితే ఒక్క టెండరు చూసి పట్టుకోవడం కష్టం. కెనడాలోని మాంట్రియల్‌లో నిర్మాణ సంస్థలు పనులను వంతులవారీగా పంచుకున్న తీరు, 2011లో క్యూబెక్ ప్రభుత్వం నియమించిన షార్బొనో కమిషన్ ముందు సాక్ష్యాల్లో బయటపడింది. కాబట్టి గత కొన్నేళ్ల ఫలితాలన్నీ ఒక పట్టికలో పెట్టుకుని చూడు. గెలిచేవారు వంతులవారీగా మారుతున్నారా, ఓడినవారే తర్వాత సబ్ కాంట్రాక్టర్లుగా కనిపిస్తున్నారా, వేర్వేరు బిడ్లలో ఒకే అక్షర దోషం ఉందా అన్నవి గమనించు. అనుమానం కలిగితే బిడ్డర్లను నిలదీయకు. అలా చేస్తే ఆధారాలు మాయమవుతాయి. ఉన్న కాగితాలు భద్రపరిచి పోటీ చట్టాన్ని అమలు చేసే సంస్థకు తెలియజేయి.

టెండరు తప్పనిసరి అయ్యే విలువ దాటకుండా ఒకే పనిని ముక్కలు చేసి, కొందరిని ధరలు అడిగి తెచ్చుకునే కొటేషన్ల మీద ఇచ్చే ప్రతిపాదనలు నీ దగ్గరకు వస్తూనే ఉంటాయి. ఏడాది అవసరాన్ని ఒకేసారి లెక్కగట్టమని వెనక్కి పంపు. అలాగే ఒక బిడ్డరు అడిగిన సందేహానికి ఇచ్చిన జవాబు అదే రోజున అందరికీ చేరాలి.

చివరగా బిల్లుల గురించి చెప్పాలి. సకాలంలో చెల్లించని నగరానికి మంచి కాంట్రాక్టర్లు దూరమవుతారు. మిగిలినవారు ఆ ఆలస్యానికి వడ్డీని ముందుగానే ధరలో కలుపుకుంటారు. పోటీ తగ్గిందని విచారించే అధికారులు చాలామంది తమ పెండింగు బిల్లుల జాబితాను తెరిచి చూడరు. నువ్వు చేరగానే ఆ జాబితా తెప్పించుకుని, కొలతలు పూర్తయి కూడా ఆగిపోయిన ప్రతి బిల్లు ఎవరి బల్ల మీద ఉందో రాసుకో. నీ మొదటి టెండరు ముసాయిదా సిద్ధమయ్యాక, నిబంధనలు అనుమతిస్తే, ప్రకటన వెలువడిన తర్వాత ఒక ప్రతి నాకు పంపు. అంశాల పట్టికతోనే చదవడం మొదలుపెడతాను.

ఇట్లు,
నీ పెదనాన్న