మిలిటరీ తాత కథ రాస్తున్న అబ్బాయికి

నాయనా,

నువ్వు పంపిన నలభై పేజీలూ చదివాను. మొదటిసారి మీ తాత మీద గౌరవంతో చదివాను, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని చదివాను. మెచ్చుకోవాల్సినవి నువ్వు చిత్తూరొచ్చినప్పుడు కాఫీ తాగుతూ చెబుతా, ముందు తిట్లు తినెయ్.

1981లో తాత ఒక పార్టీ టికెట్ మీద సర్పంచ్‌గా గెలిచి, మండలాధ్యక్షుడితో గొడవ పెట్టుకున్నాడని రాశావు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు కదయ్యా, లోపల ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలిసినా సరే. మండలాలైతే అప్పటికి పుట్టనే లేదు. 1959 నుంచీ ఉన్నవి సమితులు, అవి పోయి మండల పరిషత్తులొచ్చింది రామారావు ప్రభుత్వంలో, 1986 చట్టంతో. మీ ఊరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో, నువ్వేమో 1962లోనే తాతను తిరుపతి జిల్లా నుంచి బండెక్కించావు! పాత ఎన్నికల ఫలితాలు తిరగేసేటప్పుడు కూడా జాగ్రత్త, పుత్తూరు, వాయల్పాడు, వేపంజేరి నియోజకవర్గాలు 2004 దాకా ఉన్నాయి, 2009 నుంచి లేవు. ఇప్పటి మ్యాపు పెట్టుకుని అప్పటి రాజకీయం రాస్తే పాత తరంవాళ్లు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తారు.

ఇంకొకటి, ఇది కొంచెం ఇబ్బందిగానే చెబుతున్నా. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడం తాత కళ్లారా చూశాడని రాశావు. నువ్వు వాట్సాప్‌లో పంపిన మెడల్ పశ్చిమీ స్టార్. అది పడమటి సరిహద్దులో ఉన్నవాళ్లకిచ్చింది, తూర్పున పోరాడినవాళ్లకిచ్చింది పూర్వీ స్టార్. ఈ ఢాకా ముచ్చట తాతే చెప్పాడా, ఊళ్లోవాళ్లు కలిపారా, ఎన్నికల కరపత్రంలో ఎవరైనా దూర్చారా? నాకైతే కరపత్రం మీదే అనుమానం. తప్పని కొట్టేసి ఊరుకోకు, అది ఎప్పుడు, ఎవరి నోట మొదలైందో వెతుకు, నీ పుస్తకంలో ఒక మంచి అధ్యాయం అక్కడ దాక్కుని ఉండొచ్చు. పెద్ద ఆఫీసర్ల విషయం వేరు. మన తిరుపతిలోనే ఉండిన మేజర్ జనరల్ వేణుగోపాల్ గారు ఆ యుద్ధంలో గూర్ఖా బెటాలియన్‌ను నడిపి మహావీర్ చక్ర పొందారు, ఆయన చేసింది రికార్డుల్లో ఉంది. ఒక హవల్దార్ చేసినదానికి, పటాలం వదిలేటప్పుడు చేతికిచ్చే, ట్రంకుపెట్టె అడుగున ఉండే డిశ్చార్జ్ బుక్కే దిక్కు. దాన్ని ముందు దొరకబుచ్చుకో. చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, అక్కడా అడుగు.

అసలు సంగతికి వస్తా. యుద్ధానికి ఇరవై ఎనిమిది పేజీలిచ్చావు, ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లకు పన్నెండు. పందొమ్మిదేళ్లకు పటాలంలో చేరి, పదిహేనేళ్ల సర్వీసుతో పెన్షన్ తెచ్చుకుని ఇంటికొచ్చినవాడికి వయసెంత? ముప్ఫై నాలుగు. వెళ్లినప్పుడున్న ఊరు లేదు, చెలికాళ్లకు పెళ్లిళ్లయిపోయాయి, పొలం అన్నదమ్ముల చేతిలో ఉంది. పదిహేనేళ్లు ఆర్డర్ వింటూ, ఆర్డర్ ఇస్తూ బతికిన మనిషి, మాట వినాల్సిన అవసరమే లేని జనం గుమ్మం ముందు నిలబడి ఓటడగాలి. అది ఎలా నేర్చుకున్నాడు? ఎవరు నేర్పారు? మొదటిసారి ఎవడో మొహం మీదే "నీకెయ్యను పో" అన్నప్పుడు ఏం చేశాడు? నీ నలభై పేజీల్లో ఇది ఒక్క వాక్యం, "అనతికాలంలోనే ప్రజల మనసు గెలుచుకున్నారు" అని. సన్మాన పత్రం భాష అది, తీసెయ్.

ఈ సన్మాన పత్రాలు నేనూ రాశాను కాబట్టే చెబుతున్నా. చాలా ఏళ్ల కిందట ఇలాంటి ఒక మాజీ సైనికుడి మీద సంచిక వేస్తూ వాళ్లింటికెళ్లాను. ఆయన సర్పంచ్‌గా చేసి, ఒకసారి అసెంబ్లీకి కూడా వెళ్లొచ్చాడు. వరండాలో బల్ల మీద అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్ ఉంది. తెరిచి ఉన్న పేజీలో అక్షరాలేమో ఇంగ్లీషువి, చదివితే హిందీ. "పానీ కా ఝగడా, దో భాయ్" అని ఒక లైను, అంటే నీళ్ల తగాదా, ఇద్దరన్నదమ్ములు, కింద ఏదో తారీఖు, ఆ పక్కన టిక్కు. పటాలంలో వాళ్లకు హిందీని ఇంగ్లీషు అక్షరాలతో రాయడం నేర్పేవాళ్లు, ఈయనకు చేతికి అలవాటైన రాత అదే. ఊళ్లో ఎవరి బోరుకు కరెంటు రాలేదు, ఎవరి గట్టు తగాదా తెగలేదు, ఎవరు మాటిచ్చి తప్పారు, అన్నీ అందులోనే. "మాకెవరికీ అర్థం కాకుండా రాసుకుంటాడు స్వామీ" అని ఆయన భార్య మజ్జిగ గ్లాసు అందిస్తూ నవ్వింది. నేనూ నవ్వి, మజ్జిగ తాగి, మెడల్స్ ఫొటో తీసుకుని వచ్చేశాను. నోట్‌బుక్ అడగలేదు. ఆయన పోయాక మళ్లీ వెళితే పాత పేపర్లతోపాటు తూకానికేశామన్నారు. అప్పుడు నేనేసిన సంచిక ఇప్పుడు చదవాలంటే నాకే సిగ్గు.

మాజీ సైనికుల కింద తాతకొచ్చిన రెండెకరాల సంగతి నువ్వు ఎగరగొట్టావు. ఎదుటివాళ్లు ప్రతి ఎన్నికలోనూ దాన్నే పట్టుకున్నారని మీ మామ ఫోన్లో చెప్పాడు. రాయి. చట్టప్రకారం వచ్చిన భూమి గురించి మనవడు నోరు మూసుకుంటే చదివేవాడికి లేని అనుమానం పుడుతుంది.

తాతతో రెండుసార్లు పోటీ చేసి, ఒకసారి గెలిచినాయన ఇంకా ఉన్నాడని రాశావు కదా, వయసు ఎనభై దాటి ఉంటుంది. డిశ్చార్జ్ బుక్కు ఇంకో నెల ట్రంకులోనే ఉన్నా ఏం కాదు. ఈ ఆదివారం ముందు ఆయన దగ్గరికి పో, మనవణ్ణని చెప్పే పో. తాతను పొగడమని అడక్కు. తాతతో ఎక్కడ చిరాకు పుట్టిందో అడుగు, ఇక మధ్యలో మాట్లాడకు.