డల్లాస్ ప్రయాణం, టికెట్ మీద టైములు చూసి మోసపోకు చెల్లీ

చెల్లీ, నువ్వూ మరిదిగారూ మొదటిసారి డల్లాస్ వెళ్తున్నారని వినగానే కూర్చుని రాస్తున్నా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు. ముందు టికెట్ సంగతి. నేను వెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో తెల్లవారి 4కి ఎక్కడం, డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 4కి దిగడం అని ఉంది, 12 గంటలేగా అనుకున్నా. కాదమ్మా. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక (చలికాలంలో పదకొండున్నర), అది కలిపితే ఇరవై రెండున్నర గంటలు. దుబాయ్ దాకా 4 గంటలు, అక్కడ రెండున్నర గంటల హాల్ట్, తర్వాత ఏకబిగిన 16 గంటలు, అంటే విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సులో మూడుసార్లు వెళ్ళినంత సేపు ఒకే సీట్లో. దానికి మీ ఊరి నుంచి శంషాబాద్ వచ్చే టైము, మూడు గంటలు ముందే ఎయిర్‌పోర్టులో ఉండటం కూడా కలుపుకో.

నేనప్పుడు ఆ లెక్క తెలీక మీ బావగారి బీపీ మాత్రలు ఒక పూటవే చేతి బ్యాగులో పెట్టి మిగతావన్నీ పెద్ద పెట్టెలో వేసేశా, పెట్టె డల్లాస్‌లోగానీ చేతికి రాదు, దార్లో ఆయన తల పట్టుకుని కూర్చుంటే నా ప్రాణం పోయినంత పనైంది. అందుకే మాత్రలు, డాక్టర్ చీటీ మొత్తం చేతి బ్యాగులోనే పెట్టండి. చేతి వాచీ మాత్రం దిగేదాకా మన టైములోనే ఉంచు, మార్చొద్దు, అప్పుడే మాత్రకీ మాత్రకీ మధ్య ఎన్ని గంటలయ్యాయో తెలుస్తుంది.

దుబాయ్ నుంచి డల్లాస్ దాదాపు 12,900 కిలోమీటర్లు. సీటు ముందు స్క్రీన్లో మ్యాప్ పెట్టుకుంటే విమానం పడమరకి పోకుండా ఉత్తరానికి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది, కంగారు పడకు, మనవడి గ్లోబు మీద దారం పెట్టి లాగి చూశాను, అదే దగ్గర దారి. వచ్చేటప్పుడు పైన గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గంట దాకా తొందరగా వస్తారు, కానీ సోమవారం సాయంత్రం ఎక్కితే ఇక్కడ దిగేసరికి బుధవారం అవుతుంది, తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకి తేదీ సరిగ్గా చెప్పు.

మధ్యలో లేచి గంటకోసారైనా నడవండి, కాళ్ళు వాచిపోతాయి, బాత్రూమ్‌కి లేవాలని నీళ్ళు తాగడం మానొద్దు. హాల్ట్ రెండు గంటల కంటే తక్కువున్న టికెట్ పిల్లలు తీస్తే వద్దని చెప్పు, దుబాయ్‌లో మళ్ళీ చెకింగ్ ఉంటుంది, గేటు దాకా నడక చాలా దూరం, మరిదిగారికి మోకాళ్ళ నొప్పి కదా, టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగమను.

మరిదిగారి షుగర్ మాత్రలు ఆ రోజు ఏ టైముకి వేసుకోవాలో డాక్టర్నే అడుగు, ఆయన రాసిన చీటీ, టికెట్ రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, మన టైము ప్రకారం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపిస్తా.