ఇంగ్లండ్‌లో ఉండటానికి ఇల్లు లేకుండా పోతుంటే కౌన్సిల్ సాయం కోరడం ఎలా?

ప్రశ్న: మాది తెనాలి. ఎనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నాకూ మావారికీ ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. కిందటేడాది ఆయన ఉద్యోగం పోవడంతో అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి, ఆరేళ్ల పాపతో మా బావగారింటికి చేరాం. ఇప్పుడు నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మని ఆయన అంటున్నారు. కౌన్సిల్‌కు (స్థానిక ప్రభుత్వ కార్యాలయానికి) వెళితే, బెయిలిఫ్‌లు (ఇల్లు ఖాళీ చేయించే కోర్టు సిబ్బంది) వచ్చాక రమ్మని పంపించేశారు. మాకు వేరే దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. కౌన్సిల్‌లో మీకు చెప్పిన మాట మీ పరిస్థితికి అసలు వర్తించదు. బెయిలిఫ్‌లు రావాలంటే ముందు కోర్టు ఉత్తర్వు ఉండాలి. యజమాని తానుంటున్న ఇంట్లోనే తనతో పాటు ఉండనిచ్చిన బంధువులను పంపించడానికి, 1977 నాటి ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎవిక్షన్ చట్టం ప్రకారం, మామూలుగా కోర్టు ఉత్తర్వు అవసరం లేదు. అంటే మీ బావగారు ఇచ్చిన సహేతుకమైన గడువు తీరిన నాటితో ఆ ఇంట్లో ఉండే హక్కు మీకు పోతుంది. రాని బెయిలిఫ్‌ల కోసం ఎదురుచూస్తే పాపతో వీధిన పడతారు.

1996 నాటి హౌసింగ్ చట్టం ఏడవ భాగం ప్రకారం, రాబోయే 56 రోజుల్లో ఇల్లు లేకుండా పోయే అవకాశమున్నవారు కూడా సాయం కోరవచ్చు; 2018 ఏప్రిల్ 3 నుంచి అమలులో ఉన్న హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ చట్టం 28 రోజులుగా ఉన్న ఆ గడువును 56కు పెంచింది. దరఖాస్తుకు ప్రత్యేకమైన ఫారం అక్కర లేదు, నోటిమాటగా అడిగినా చెల్లుతుంది. అయినా ఈమెయిల్ పంపమనే నా సలహా, ఎందుకంటే ‘ఫలానా తేదీన మేము ఇల్లు కోల్పోతున్నాం, మాకు ఆరేళ్ల పాప ఉంది, ఇద్దరికీ ఐఎల్ఆర్ ఉంది’ అన్న మూడు విషయాలు రాతలో ఉంటే, మీరు దరఖాస్తే చేయలేదని రేపు ఎవరూ అనలేరు. ఇంటర్వ్యూకు తెలుగు దుబాసీ కావాలంటే అందులోనే అడగండి.

దరఖాస్తు అందాక కౌన్సిల్ మీ అవసరాలను అంచనా వేసి, రాతపూర్వకమైన హౌసింగ్ ప్లాన్ ఇవ్వాలి. మీరు బావగారింట్లో ఉన్నంతకాలం, ఆ ఇల్లు పోకుండా చూడటానికో వేరే ఇల్లు దొరకడానికో తగిన ప్రయత్నం చేయడం దాని బాధ్యత. ఆయనతో మాట్లాడటం, అద్దె ఇంటి డిపాజిట్‌కు సాయపడటం అందులోకే వస్తాయి. బయటికి రావలసి వస్తే, మీపై ఆధారపడిన పాప ఉన్నందున మీరు ప్రాధాన్య వర్గంలోకి వస్తారు కాబట్టి, విచారణ ముగియకముందే ఆ రోజునే తాత్కాలిక వసతి చూపించాలి. దానికి అద్దె వసూలు చేయవచ్చు, వేరే ఊళ్లో కూడా చూపవచ్చు. కానీ పిల్లలున్న కుటుంబాన్ని ప్రైవేటు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో (లాడ్జి లాంటి వసతిలో) ఆరు వారాలకు మించి ఉంచకూడదు.

మీ కేసులో అసలు చిక్కు పాత అద్దె ఇంటి దగ్గర ఉంది. ఉండగలిగిన ఇంటిని మీ అంతట మీరే వదులుకున్నారని కౌన్సిల్ తేలిస్తే, ‘కావాలని ఇల్లు లేకుండా చేసుకున్నవారు’ అన్న ముద్ర పడి, దీర్ఘకాలిక వసతి బాధ్యత తప్పిపోతుంది. భరించలేని అద్దె ఇంట్లో ఉండి తీరాలని చట్టం అనదు. 2019లో శామ్యూల్స్ వర్సెస్ బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ కేసులో, పిల్లల తిండికీ బట్టకీ ఇచ్చే భృతిలోంచి అద్దె లోటు పూడ్చుకోవచ్చు కదా అన్న కౌన్సిల్ వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అందుచేత ఉద్యోగం పోయిన ఉత్తరం, ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం, ఇంటి ఓనరుతో నడిచిన మెసేజీలు ఇప్పుడే పోగుచేయండి.

బావగారి చేత ‘వెళ్లిపొమ్మంటున్నాను’ అని ఉత్తరం రాయించుకుంటే పని అయిపోతుందని మనవాళ్లలో ఒక ప్రచారం ఉంది. ఆయన నిజంగా పొమ్మంటే ఆ ఉత్తరం మంచి సాక్ష్యమే, కౌన్సిల్ ఆయనకు ఫోన్ చేసి నిర్ధారించుకుంటుంది కూడా. కౌన్సిల్ సాయం కోసమే ఇద్దరూ కలిసి అల్లిన ఏర్పాటయితే మాత్రం, చట్టం దాన్నే కావాలని చేసుకున్న నిరాశ్రయతగా పరిగణిస్తుంది. తెలిసి అబద్ధం చెప్పడం నేరం కూడా.

ఇదంతా మీకు ఐఎల్ఆర్ ఉండి, ఆ దేశంలోనే స్థిరంగా నివసిస్తున్నారు కాబట్టి. ‘పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వం ఇచ్చే భృతులు, వసతి సాయం) వర్తించవు’ అన్న షరతుతో స్టూడెంట్ లేదా స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారు ఈ వసతికి మామూలుగా అర్హులు కారు. పైగా పొరపాటున తీసుకుంటే వీసా షరతు ఉల్లంఘన అవుతుంది. అలాంటివారిలో పిల్లలున్నవారు 1989 నాటి చిల్డ్రన్ చట్టం 17వ సెక్షన్ కింద సోషల్ సర్వీసెస్‌ను (పిల్లల సంక్షేమం చూసే విభాగాన్ని) ఆశ్రయించవచ్చు, అది పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రాదు. స్కాట్లాండ్, వేల్స్‌లలో చట్టాలు వేరు.

కౌన్సిల్ కాదంటే కారణాలతో రాతపూర్వక నిర్ణయం అడగండి. అది అందిన 21 రోజుల్లోగా పునఃసమీక్ష కోరాలి. అక్కడా నెగ్గకపోతే, చట్టపరమైన లోపం ఉన్నప్పుడు, మరో 21 రోజుల్లోగా కౌంటీ కోర్టుకు వెళ్లవచ్చు. కౌంటర్ దగ్గరే మళ్లీ వెనక్కి పంపినా, బయటికి వచ్చిన రాత్రి వసతి నిరాకరించినా, పునఃసమీక్ష కోసం ఆగకుండా ఇళ్ల సమస్యల్లో సాయపడే షెల్టర్ అనే స్వచ్ఛంద సంస్థనో, లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం) చేసే హౌసింగ్ సొలిసిటర్‌నో (న్యాయవాదినో) వెంటనే పట్టుకోండి. అటువంటి నిరాకరణను హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూ (ప్రభుత్వ సంస్థల నిర్ణయం చట్టబద్ధమో కాదో కోర్టు పరిశీలించడం) ద్వారా సవాలు చేయవచ్చు. సొలిసిటర్ నుంచి నోటీసు వెళ్లగానే కౌన్సిల్ దిగివచ్చే సందర్భాలు ఉంటాయి.