డిగ్రీ రాని కోర్సు కోసం ఇండోనేషియా స్కాలర్‌షిప్‌కు పోతే ఏడాది వృథానా?

తోలుబొమ్మల మీద ప్రాజెక్ట్ చేస్తున్న బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) విద్యార్థికి దర్మసిస్వా స్కాలర్‌షిప్ పనికొస్తుందా, ఆ డబ్బు సరిపోతుందా అని అడిగారు. మాది అనంతపురం. ఇదే స్కాలర్‌షిప్ మీద జావా దీవిలోని యోగ్యకర్తకు పోయి, జావా వాళ్ల తోలుబొమ్మలాట వాయాంగ్ కులిత్ నేర్చుకుని వచ్చాను.

ముందు డబ్బు సంగతి. ఇది ఇండోనేషియా ప్రభుత్వం 1974 నుంచి నడుపుతున్న పథకం. ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. విమాన టికెట్ మాత్రం సాధారణంగా మనమే కొనుక్కోవాలి, ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ ముక్క జాగ్రత్తగా చదవండి. నేను బెంగళూరులో ఎక్కి కౌలాలంపూర్ మీదుగా పోయాను. టికెట్ రేటు విని మా నాయన "ఇదేం ఫ్రీ రా?" అన్నాడు. స్టైపెండ్‌తో గది అద్దె, తిండి గడిచిపోతాయి కానీ మిగలబెట్టేంత ఉండదు. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచి, మొదటి నెల డబ్బు పడేదాకా చేతిలో కొంత ఉంచుకోవాలి.

ఇక అసలు విషయం. పోయే ముందు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో కొన్నాళ్లు కూర్చోండి. ఆ ఊరు ఇప్పుడు సత్యసాయి జిల్లాలో ఉంది. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడ మేకతోలును పల్చగా, వెలుగు అవతలికి కనబడేలా ఎట్లా తయారుచేస్తారో, దాని మీద రంగు ఎట్లా వేస్తారో దగ్గరుండి చూడాలి. ఎందుకంటే జావాలో మీకు ఎదురయ్యేది దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. మనది తెలియకుండా పోతే అక్కడిది బాగుంది అనిపిస్తుందే తప్ప, ఏది ఎందుకు అట్లా ఉందో పట్టుబడదు.

వాళ్ల బొమ్మ మందమైన గేదెతోలుది, వెలుగు దాటదు. తెర మీద పడేది నల్లటి నీడ. ఆ నీడలో నగ, కిరీటం, జుట్టు కనబడాలంటే తోలుకు సన్నటి రంధ్రాలు కొట్టాలి. పని మొత్తం ఉలిదే. మన బొమ్మలోనూ రంధ్రాలుంటాయి గానీ, తెర మీద వెలిగేది రంగు. మరి నీడ నల్లగానే పడేటప్పుడు జావా వాళ్లు బొమ్మకు బంగారు పూత దాకా ఎందుకు వేస్తారు? నాకూ మొదట అదే అనుమానం. ఆట చూడబోతే జనం సగం మంది తెర వెనక, ఆడించేవాడి వైపే కూర్చుని ఉన్నారు!

ఆ ఆడించేవాడిని దలాంగ్ అంటారు. రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా ఒక్కడే అన్ని గొంతులూ పలుకుతాడు, వెనక గమెలాన్ మేళం వాయిస్తుంటుంది. తెర కింద అడ్డంగా పరిచిన అరటి బోదెలోకి బొమ్మల కొమ్ము పిడులు గుచ్చి నిలబెడతాడు. మన దగ్గర బొమ్మ మనిషెత్తుకు దగ్గరగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ నిలబడి తలా ఒక పాత్ర పాడతారు. నా స్కెచ్‌బుక్ నిండా ఈ తేడాలే. వాళ్ల అర్జునుడి తల వంచి ఉంటుంది, కన్ను సన్నగా ఉంటుంది, అది వాళ్లకు నెమ్మదితనానికి గుర్తు. ఉగ్రుడికి గుండ్రటి కన్ను. భారతం మనదే అయినా కథ వాళ్లది, ద్రౌపది ధర్మరాజు ఒక్కడికే భార్య. మన ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్కల చోట వాళ్లకు సెమార్, అతని కొడుకులు ఉన్నారు. కాకపోతే సెమార్ నవ్వించే ముసలాడే గానీ లోపల దేవుడు. నాకు మన పోలిగాడే ఇష్టం, వాడికి ఎవరన్నా లెక్కలేదు.

తిండి గురించి భయపడకండి. యోగ్యకర్త వంట తీపి ఎక్కువ, పనసకాయ కూరలో కూడా బెల్లం వేస్తారు. గాడోగాడో అనే కూరగాయల పళ్లెంలో మాత్రం శనక్కాయల పచ్చడి లాంటిది పోస్తారు, అనంతపురం వాళ్లకు అది చాలు.

ఏడాది వృథానా అంటే, ఉద్యోగం లెక్కలో చూస్తే అవుననే చెప్పాలి. ఇప్పుడు నేను డ్రాయింగ్ చెప్పే స్కూల్లో ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. ఎంఎఫ్ఏ ఇంటర్వ్యూలో మాత్రం మాట్లాడింది మొత్తం ఆ స్కెచ్‌బుక్ గురించే. నిమ్మలకుంట వాళ్లలో చాలామంది ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు. వాటికి జావా తరహా సన్నటి రంధ్రాల పని కలిపితే ఎట్లా ఉంటుందన్నది నా ప్రాజెక్ట్. మీకూ ఇట్లాంటి ప్రశ్న ఒకటి ఉంటే అప్లికేషన్ లెటర్‌లో అదే రాయండి, "భారతీయ సంస్కృతి గొప్పది" అని పేజీ నింపకండి.

అక్కడ ఉలుల సెట్టు కొంటే చెక్-ఇన్ బ్యాగులో వేసుకోండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఉండిపోతాయి.